అప్‌టైమ్ 1,143 రోజులు

విజయవాడ గవర్నరుపేటలో ఓ పాత మేడ మీద రెండు గదుల ఆఫీసు అది. కింద జిరాక్స్ షాపు. వెబ్ హోస్టింగ్ కంపెనీ అనగానే మిణుకుమిణుకుమనే దీపాలు, చల్లటి గదులు ఊహించుకుని వెళ్తే నిరాశే. నాలుగు కుర్చీలు, ఒక ఇన్వర్టరు, గోడకి వేంకటేశ్వరస్వామి క్యాలెండరు, అంతే. మెషీన్ మాత్రం జర్మనీలో ఎక్కడో అద్దెకుంటుంది. రైసుమిల్లులు, కళ్యాణమండపాలు, స్కూళ్లు, రెండు గుళ్లు, ఒక నర్సరీ, ఇలా మొత్తం 312 సైట్లు దాని మీదే కాపురం చేస్తున్నాయి. మా మాసపత్రిక సైటు కూడా 2009 నుంచి అక్కడే. రెన్యువల్ డబ్బులు చేతికిచ్చి, టీ తాగి రావడం నాకు ఏటా అలవాటు.

2024 జూన్ మూడో వారంలో అలా వెళ్లేసరికి లోపల గొడవ జరుగుతోంది. ఓనరుగారిని ఆ వీధిలో అందరూ బాబాయనే పిలుస్తారు. అన్నగారి అమ్మాయి మూడేళ్లుగా సర్వర్ పని చూస్తోంది. ఆ ఇద్దరి మధ్యే తగువు. మెషీన్‌లో ఉన్నది సెంటాస్ 7 అనే లైనక్స్. దాని గడువు జూన్ 30తో సరి. ఆ తర్వాత ఉచితంగా ప్యాచ్‌లు రావు.

బాబాయి: రండి మాస్టారూ, సమయానికొచ్చారు. నడుస్తున్న బండిని రోడ్డు మధ్యలో ఆపి ఇంజను దింపుదామంటోంది ఈ పిల్ల. ఇదిగో చూడండి.

స్క్రీన్ నా వైపు తిప్పి అప్‌టైమ్ అని కొట్టాడు. 1,143 రోజులని చూపించింది. అంటే అన్ని రోజులుగా ఆ మెషీన్ ఒక్కసారి కూడా ఆగి మళ్లీ మొదలవలేదు. మనవడి మార్కుల కాగితం చూపించే తాతలాగ ఉంది ఆయన మొహం.

అమ్మాయి: ఆ అంకె ఎవరికీ చూపించకు బాబాయ్, పరువు పోతుంది. కెర్నల్‌కి ప్యాచ్ వేస్తే రీబూట్ చెయ్యాలి. రీబూట్ లేకుండా కుదిరే పద్ధతుంది, కొందామంటే నెలనెలా ఎవడు కడతాడన్నావు. మూడేళ్లుగా కెర్నల్‌లో దొరికిన ప్రతి కన్నమూ మన దగ్గర తెరిచే ఉందని చెప్తోంది ఆ 1,143.

బాబాయి: ఎవడన్నా దూరాడా?

అమ్మాయి: దూరినవాడు బెల్లు కొట్టి వస్తాడా?

బాబాయి: సరే, నీ మాటే నిజమనుకో. నాకు ఒక్క సంగతి చెప్పు. 2019 సెప్టెంబరులో సెంటాస్ 8 వచ్చింది. 2029 దాకా చూసుకుంటామన్నారు. ఈ బజారులో ఇద్దరు ఎగేసుకుని అందులోకి మారారు. మారి ఏడాదన్నా గడిచిందో లేదో, 2020 డిసెంబరు 8న ఏమని ప్రకటించారు?

అమ్మాయి: 2021 ఆఖరుతో ఆపేస్తామని.

బాబాయి: ఎనిమిదేళ్లు కోసేశారు! 7 గడువు మాత్రం ముట్టుకోలేదు. తొందరపడి వెళ్లినవాడు రెండుసార్లు సామాను సర్దుకున్నాడు. కదలకుండా కూర్చున్న నేను మూడేళ్లు హాయిగా నిద్రపోయాను. నాకా తెలివితక్కువ?

ఈ సెంటాస్ కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. రెడ్‌హ్యాట్ అనే అమెరికా కంపెనీ కంపెనీలకి లైనక్స్ అమ్ముతుంది. దాని సోర్స్ కోడ్ బయటికి ఇచ్చేది. ఆ కోడ్ తీసుకుని, రెడ్‌హ్యాట్ పేరూ బొమ్మా తీసేసి, మళ్లీ కట్టి ఊరికే పంచినవాళ్లు సెంటాస్‌వాళ్లు. డబ్బున్న బ్యాంకులు రెడ్‌హ్యాట్ కొనుక్కునేవి, బాబాయి లాంటివాళ్లు సెంటాస్ వాడుకునేవాళ్లు. లోపల సరుకు ఒకటే. 2014లో రెడ్‌హ్యాటే సెంటాస్‌ని తన గూటిలోకి చేర్చుకుంది. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పోసి రెడ్‌హ్యాట్‌ని కొంది. మరుసటి ఏడాదే సెంటాస్ 8 మెడ తెగింది. దానికి ఐబీఎమ్మే కారణమని బాబాయి గట్టి నమ్మకం. రెడ్‌హ్యాట్ ఒప్పుకోలేదు. ఆ తీర్పు చెప్పే పని నాది కాదు.

అమ్మాయి: అందుకే నేను చెప్పేది, ఆ గుమ్మం వైపే వెళ్లొద్దని. డెబియన్‌కి పోదాం. దానికి ఓనరే లేడు. ఎవడూ కొనలేడు, ఎవడూ ఒక పొద్దున లేచి గడువు కొయ్యలేడు. 1993 నుంచి వాలంటీర్లే నడుపుతున్నారు.

బాబాయి: వెళ్దాం. సీప్యానెల్ ఎక్కుతుందా దాని మీద?

సీప్యానెల్ అంటే కస్టమర్లు తమ సైటూ మెయిలూ చూసుకునే తెర. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినపడింది.

అమ్మాయి: ఎక్కదు. ఉబుంటు మీద ఎక్కుతుంది. డెబియన్ కావాలంటే వేరే ప్యానెల్ చూసుకోవాలి. డైరెక్ట్‌అడ్మిన్ ఉంది, ప్లెస్క్ ఉంది.

బాబాయి: పెనమలూరు మిల్లు గుమాస్తాకి మెయిల్ పాస్‌వర్డ్ మార్చుకోవడం నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టింది? ఆయన దగ్గర ఓ నోటుబుక్కుంది. మొదట నారింజరంగు బొమ్మ నొక్కాలి, తర్వాత ఎడంపక్క మూడోది, అని రాసుకున్నాడు. నువ్వు డెబియన్ పెట్టు, విండోస్ పెట్టు, నీ ఇష్టం. ఆయనకి మన కంపెనీ అంటే ఆ బొమ్మలే. ఆ బొమ్మ పక్కకి జరిగితే మర్నాడు పొద్దున్న మూడొందల పన్నెండు ఫోన్లూ నాకొస్తాయి, నీకు కాదు.

అమ్మాయి: ఆ బొమ్మలమ్మినవాళ్లే 2019లో మనల్ని ఏం చేశారు? అప్పటిదాకా మెషీన్‌కి ఒక ధర, ఎన్ని ఖాతాలైనా పెట్టుకో. ఒక్కసారిగా వంద ఖాతాల దాకా 45 డాలర్లు, ఆపైన ఖాతాకి 20 సెంట్లు అన్నారు. మనకి రెట్టింపు దగ్గరికొచ్చింది. తర్వాత కూడా పెంచుతూనే ఉన్నారు.

బాబాయి: వాళ్లని తిట్టు, నేనూ నీతో కలిసి తిడతాను. తిట్టుకుంటూ కడతాను. తాళంచెవి వాళ్ల చేతిలో ఉంది.

ఇక్కడ బాబాయే గెలిచాడని నాకు అనిపించింది. ఈ వ్యాపారంలో ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎంచుకునేది హోస్టింగువాడని బయటివాళ్లు అనుకుంటారు. ప్యానెల్ దేని మీద నడిస్తే అదే వాడి ఎంపిక. ఆ ప్యానెల్‌ని ఎంచుకున్నది ఎడంపక్క మూడో బొమ్మ అని నోటుబుక్కులో రాసుకున్న గుమాస్తా.

అమ్మాయి డెబియన్ వదులుకుంది. ఆల్మాలైనక్స్ అంది. సెంటాస్ 8 ఆపేస్తామనగానే దాని బదులుగా పుట్టినవాటిలో అదొకటి. 2021 మార్చిలో దాని మొదటి వెర్షన్ విడుదలైంది. అలాంటిదే ఇంకొకటి, రాకీలైనక్స్, అదే ఏడాది జూన్‌లో వచ్చింది. సెంటాస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ దాన్ని తలపెట్టి, చనిపోయిన తన తోటివాడు రాకీ మెక్‌గా పేరే దానికి పెట్టాడు. పేరు వెనక కథ విని బాబాయి కాస్త మెత్తబడ్డాడు గానీ ఎక్కువసేపు కాదు.

బాబాయి: ఊరికే ఇచ్చేవాడు ఎందుకిస్తున్నాడో తెలియకుండా పుచ్చుకోకూడదమ్మా. ఆల్మా వెనకున్నది ఎవరు?

అమ్మాయి: క్లౌడ్‌లైనక్స్ కంపెనీ మొదలుపెట్టింది. ఇప్పుడు లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతిలో ఉంది. క్లౌడ్‌లైనక్స్‌వాళ్లు హోస్టింగు కంపెనీలకే సరుకు అమ్ముకుంటారు. మనలాంటివాళ్లు ఉంటేనే వాళ్లకి అన్నం. అంతకంటే మంచి పూచీ ఎక్కడ దొరుకుతుంది?

బాబాయి: పోయినేడు రెడ్‌హ్యాట్ ఆ సోర్స్ కూడా మూసేసిందిగా?

అమ్మాయి: 2023 జూన్ 21న. కొనుక్కున్నవాళ్లకి తప్ప బయటికి ఇవ్వమన్నారు. బయట సెంటాస్ స్ట్రీమ్ ఒక్కటే చూసుకోమన్నారు. మూడు వారాల్లో ఆల్మావాళ్లు దారి మార్చారు. మక్కికి మక్కి కాపీ కొట్టడం మానేస్తాం, రెడ్‌హ్యాట్ మీద నడిచే ప్రోగ్రాం మా మీద కూడా నడిస్తే చాలు అన్నారు. కాబట్టి ఇప్పుడు రెడ్‌హ్యాట్ కంటే ముందే ప్యాచ్ వేసుకునే వీలుంది వాళ్లకి.

బాబాయి: సరే, ఆల్మా. కానీ 9 వద్దు, 8. పాత సైట్లకి పాత పీహెచ్‌పీ కావాలి.

అమ్మాయి: 8లో కూడా సీప్యానెల్ 7.2 నుంచే ఇస్తుంది. మన దగ్గర 41 సైట్లు 5.6 మీద ఉన్నాయి. 5.6 చచ్చిపోయి 2024కి ఆరో ఏడు నడుస్తోంది.

బాబాయి: ఆ 41 మందీ నా మొదటి కస్టమర్లు.

ఇదీ అసలు పుండు. అప్పటిదాకా ఇద్దరూ చుట్టూ తిరిగారు. ఈ సైట్లు రాసిన భాష పీహెచ్‌పీ. పాత పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడే ఒక పద్ధతి ఉండేది. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో దాన్ని మొత్తంగా తీసేశారు. ఆ పద్ధతిలో రాసిన సైటుని కొత్త పీహెచ్‌పీ మీద పెడితే తెల్ల పేజీ వస్తుంది. రాసిన కుర్రాడు ఎప్పుడో ఉద్యోగం దొరికి డల్లాసో సిడ్నీయో వెళ్లిపోయి ఉంటాడు. ఫోను చేస్తే అంకుల్ ఆ కోడ్ నాకు గుర్తులేదంటాడు. మా పత్రిక సైటు ఆ 41లో ఒకటి.

అమ్మాయి: క్లౌడ్‌లైనక్స్ లైసెన్సు తీసుకుంటే పాత పీహెచ్‌పీలు కూడా ప్యాచ్‌లు వేసి ఇస్తారు. ఆ 41కీ అది పెడదాం. ఆ ఖర్చు వాళ్ల బిల్లులో వేద్దాం.

బాబాయి: ఏడాదికి రెండున్నర వేలు ఇచ్చే గుడి ధర్మకర్తని ఇంకో వెయ్యి అడగమంటావా?

అమ్మాయి: అడుగు. ఎందుకు అడుగుతున్నావో చెప్పి అడుగు. నువ్వు వాళ్లకి చెప్పకుండా కప్పిపెడుతున్నావు బాబాయ్. సైటు పనిచేస్తోంది అనుకుంటున్నారు వాళ్లు. ఎలా పనిచేస్తోందో మనిద్దరికే తెలుసు.

ఆయన టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఇంకో దారి పట్టాడు, అదీ బలమైన దారే.

బాబాయి: మెయిల్ సంగతి ఆలోచించావా? కొత్త మెషీన్‌కి కొత్త ఐపీ అడ్రసు వస్తుంది. దాన్ని అంతకుముందు ఎవడు అద్దెకు తీసుకుని ఏం చెత్త పంపాడో మనకి తెలియదు. పదేళ్లుగా ఒక్క స్పామ్ పోనివ్వకుండా ఈ ఐపీ పేరు నిలబెట్టాను. కొత్తదాంట్లోంచి మిల్లువాళ్ల ఇన్‌వాయిస్ వెళ్తే జీమెయిల్ స్పామ్‌లో పడేస్తుంది. పార్టీ డబ్బు కట్టదు. మిల్లాయన నా దగ్గరికొస్తాడు.

అమ్మాయి: నిజమే. దానికి జవాబు లేదు నా దగ్గర. మెల్లగా కొద్దికొద్దిగా పంపుతూ అలవాటు చెయ్యాలి, అంతే.

బాబాయి: ఉన్న మెషీన్ మీదే మార్చే పద్ధతుందటగా. ఎలివేట్‌ట. ఐపీ మారదు, ఖాతాలు కదలవు.

అమ్మాయి: ఉంది. మధ్యలో రీబూట్ అయి ఓ అరగంట లోపలికి మనం తొంగిచూడలేని స్థితిలో ఉంటుంది. అది తిరిగొస్తే సరే. 1,143 రోజులుగా రీబూట్ చూడని మెషీన్ మామూలు రీబూటుకే తిరిగొస్తుందో రాదో నాకు ధైర్యం లేదు. నువ్వు సెంటాస్ 5 నుంచి 6కి ఎలా వెళ్లావు? 6 నుంచి 7కి?

బాబాయి: ... కొత్త మెషీన్ తీసుకునే.

ఆ రోజు అక్కడితో ఆగింది. ట్రయల్‌కి ఒక కొత్త మెషీన్ అద్దెకు తీసుకుని, ఆల్మా 8 ఎక్కించి, పది సైట్లు కాపీ చేసి చూద్దామనుకున్నారు. మీ సైటు కూడా పెడతాను మాస్టారూ, మీరు తిట్టినా బయటికి పొక్కదు అంది అమ్మాయి. మంచిదన్నాను.

జూలై 2, మంగళవారం, ఫోనొచ్చింది. వెళ్లేసరికి బాబాయి మహా హుషారుగా ఉన్నాడు.

బాబాయి: విన్నారా మాస్టారూ? సెంటాస్ 7 కాలం చేసింది ఆదివారం. సోమవారం పొద్దున ఏం బయటపడిందో తెలుసా? ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో కన్నం! ప్రపంచంలో సర్వర్లన్నిటికీ వీధి తలుపు అది. పాస్‌వర్డ్ లేకుండా రూట్‌గా దూరొచ్చట. క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీవాళ్లు పట్టుకున్నారు. 8.5 నుంచి 9.7 దాకా వెర్షన్లకి ఆ జబ్బు. మన ముసలి సెంటాస్‌లో ఉన్నదెంత? 7.4! మనకి లేదు! చివరి రోజు దాటిన మర్నాడే కొత్తవాళ్లందరికీ జ్వరం, ముసలాడు నిక్షేపంగా ఉన్నాడు.

అమ్మాయి: ఆల్మా 8లో ఉన్నది 8.0. దానికీ లేదు. 9కి ఉంది, నా సొంత మెషీన్‌కి ఉంది. ప్యాచ్ నిన్ననే వచ్చేసింది, వేసేశాను.

బాబాయి: 2006లో మూసిన కన్నమేనటగా, 2020లో ఎవడో కోడ్ సర్దుతూ మళ్లీ తెరిచాడట. పనిచేస్తున్నదాన్ని కదిలించకూడదని నేనంటే ముసలాడి చాదస్తమంటావు.

అమ్మాయి: ఈ కన్నం మనకి లేదు బాబాయ్, ఒప్పుకున్నాను. 7.4లో రేపు ఇంకోటి దొరికితే మూసేవాడు ఆదివారం దాకా ఉన్నాడు, ఇవాళ లేడు. నమ్మకపోతే యమ్ అప్‌డేట్ కొట్టి చూడు.

కొట్టాడు. ప్యాకేజీలు ఎక్కడున్నాయో చెప్పే సెంటాస్‌వాళ్ల మిర్రర్‌లిస్ట్ అడ్రసు అసలు దొరకలేదని చెప్పింది మెషీన్. గడువు తీరగానే ఆ అడ్రసు తీసేశారు. పాతవన్నీ వాల్ట్ అనే చోట మూటగట్టి ఉంచారు. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా దొరుకుతుంది, కొత్తది రాదు. బాబాయి మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. పదేళ్లుగా తెల్లారగానే తలుపు తీసే కిరాణా కొట్టు ముందు నిలబడ్డవాడిలా ఓ నిమిషం అలాగే చూశాడు.

తర్వాత నన్ను పిలిచిన పని బయటికొచ్చింది. ట్రయల్ మెషీన్‌లో మా పత్రిక సైటు. తెరవగానే గుండె జారింది. పదిహేనేళ్ల కథలు, వ్యాసాలు, సంపాదకీయాలు ఒక్కటి కూడా తెలుగులో లేవు. నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీల సున్నా, ఆ పక్కన ఏదో పిచ్చి గుర్తు. మళ్లీ ‘ఎ’, ఈసారి పక్కన ప్లస్సూ మైనస్సూ ఒకదాని కింద ఒకటి. పేజీల కొద్దీ అదే.

బాబాయి: చూశారా! ఇందుకే.

అమ్మాయి: పోలేదు మాస్టారూ, కంగారు పడకండి. అక్షరాలన్నీ లోపలున్నాయి. పాత డేటాబేసుకి మీది తెలుగని ఎవరూ చెప్పలేదు. లాటిన్ అనుకుని పుచ్చుకుంది, లాటిన్ అనుకునే తిరిగిచ్చింది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే అబద్ధం చెప్పుకున్నారు కాబట్టి బయటికి తెలుగు సరిగ్గానే కనపడింది. కొత్త మైఎస్‌క్యూఎల్ 8 నిజంగా యూనికోడ్‌లో మాట్లాడుతుంది. ఆ లాటిన్‌ని యూనికోడ్‌లోకి మారుస్తానని ప్రతి అక్షరాన్నీ మూడు ముక్కలు చేసింది. తెలుగులో ప్రతి గుర్తూ మూడు బైట్లు కదా.

బాబాయి: మరి అబద్ధమే నయం కదా, పదిహేనేళ్లు నడిచింది.

అమ్మాయి: ఇవి అక్షరాలు కావు, ఉత్త బైట్లు అని ముందు దానికి చెప్పాలి. తర్వాత, ఆ బైట్లు యూనికోడ్ అని చెప్పాలి. రెండు కమాండ్లు. నిన్న రాత్రే చేశాను. వ్యాసాలన్నీ వచ్చేశాయి. శీర్షికల దగ్గర ఆగింది.

ఎందుకాగిందో తను చూపించింది. పత్రిక సైటు రాసిన కుర్రాడు శీర్షిక గడికి వంద పెట్టాడు. వంద అక్షరాలు అంటే ఎంత పెద్ద శీర్షికైనా పడుతుందని మేమూ అనుకున్నాం. డేటాబేసు దృష్టిలో అవి వంద బైట్లు. లక్ష్మి అని రాస్తే మనకి రెండక్షరాలు. దానికి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు గుర్తులు, 21 బైట్లు. నాలుగైదు మాటల శీర్షికకే వంద నిండిపోతుంది. నిండాక వచ్చినదాన్ని ఆ పాత డేటాబేసు చప్పుడు చెయ్యకుండా కోసేసి, సేవ్ అయిందని చెప్పింది. కొన్నిచోట్ల గుర్తు మధ్యలో కోసింది. మూడు బైట్లలో ఒకటి మిగిలింది. ఆ ఒంటి బైటు ఏ అక్షరమూ కాదు కాబట్టి కొత్తది పుచ్చుకోనని మొండికేసింది. అలాంటివి 63 శీర్షికలు.

నేను ఆ 63నీ చదివాను. 2011 నాటి ఒక కథ పేరు సగంలో ఆగి ఉంది, చివర నల్ల డైమండులో ప్రశ్నార్థకం. పదమూడేళ్లుగా మా పాఠకులు దాన్ని అలాగే చూస్తున్నారన్నమాట. ఒక్కరూ రాయలేదు. నేనూ చూసుకోలేదు.

అమ్మాయి: కొత్తదైతే పొడుగెక్కువైందని మొహమ్మీదే చెప్తుంది మాస్టారూ. సేవ్ చెయ్యదు.

బాబాయి: అదే నేను చెప్పేది. పాతది నోరెత్తకుండా మింగింది, వీళ్లు పదమూడేళ్లు సుఖంగా ఉన్నారు. కొత్తది అరుస్తుంది, ఆ అరుపు నా ఫోనుకొస్తుంది.

అమ్మాయి: రానీ.

బాబాయి మాట్లాడలేదు. కాసేపయ్యాక, ఆ 41 మందికీ ఉత్తరం రాయాలి, తెలుగులో రాయాలి, మాస్టారు రాసిపెడతారా అని నన్నడిగాడు. ఒప్పుకున్నాను. వెయ్యి రూపాయల సంగతి ఏ పేరాలో పెట్టాలన్న దగ్గర మళ్లీ ఇద్దరూ మొదలుపెట్టారు.

ఆ కథ రాసినాయన రెండేళ్ల కిందట పోయారు. ఇంటికి వెళ్లి అటక మీద నుంచి 2011 సంచికల కట్ట దించి, పూర్తి పేరు వెతికి, అమ్మాయికి మెసేజ్ పెట్టాను. చివరి మాట ‘గుమ్మం’.